పెద్దమ్మ నూరిన సరస్వతాకు

లింగంపల్లిలో మా పక్కింట్లో ఉండిన పెద్దమ్మ చనిపోయిందని సోమవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. చేసింది ఆమె చెల్లెలి కొడుకు. "పొద్దుగాల పోయిందమ్మా. మీ నంబరు దొరకనీకె జర ఆలస్యమైంది" అన్నాడు. నేను పటాన్‌చెరులో వాళ్లింటికి చేరేసరికి అంతా అయిపోయింది.

ఆమె నాకు చుట్టం కాదు. మాదాపూర్‌లో కడుతున్న ఆఫీసు భవనాల్లో మావారికి కరెంటు పనులు చూసే ఉద్యోగం దొరికితే కడప నుంచి వచ్చి ఆమె పక్కింట్లో కిరాయికి దిగాం. కడపలో నేను బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఇక్కడ నాతో మాట్లాడే మనిషి లేదు. మావారు పొద్దున వెళ్తే చీకటిపడ్డాక ఒళ్లంతా సిమెంటు దుమ్ముతో వచ్చి, తిని పడుకునేవారు. నాకప్పుడు నలభై ఆరేళ్లు. ఊరికే ఏడుపొచ్చేది. బాగా తెలిసిన పేర్లు కూడా నోటిదాకా వచ్చి ఆగిపోయేవి. మతి పోతోందేమోనని భయం. ఆ మాట ఎవరితో అనను?

ఒకరోజు చందానగర్ మార్కెట్‌కు వెళ్లి, ఏం కొనడానికి వచ్చానో గుర్తురాక ఉల్లిగడ్డల బండి పక్కన నిలబడిపోయాను. ఎవరో మోచెయ్యి పట్టుకున్నారు.

"ఏంది బిడ్డా, గిట్ల నిలవడ్డవ్? మా పక్కింటామెవు గదా?"

"ఎందుకొచ్చినానో మర్చిపోయినా పెద్దమ్మా" అని అంతమందిలో ఏడ్చేశాను.

"మర్చిపోతే మర్చిపోయినవ్. ఏం ఫికర్ లేదు. నడువ్, ఇంటికి పోదాం."

మర్నాడు పొద్దున గోడ మీంచి పిలిచింది. వాళ్ల పెరట్లో నల్లా కింద తడినేలంతా సరస్వతాకు అల్లుకుని ఉండేది. గుప్పెడు కోసి, కడిగి, పచ్చిమిరపకాయలూ చింతపండూ వేసి రోట్లో నూరి, వేడన్నంలో కలిపి పెట్టింది. "తెలివికి మంచిదంటరు, మనసుకు గూడ" అంది. అప్పట్నుంచి రోజూ పిలిచేది. నేను చేదుకు మొహం ముడిస్తే నవ్వేది. "పానం ఎట్లున్నది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా రోకలి ఆపేసి కూర్చునేది. బాగుందంటే ఒప్పుకునేది కాదు. "నిజం చెప్పు" అనేది.

ఒక పొద్దున నేను మంచం దిగలేదు. పిలిచి పిలిచి తనే వచ్చింది.

"పడుకున్నదాన్ని మళ్ల లేవకుంటే బాగుండు అనిపిస్తాంది పెద్దమ్మా" అన్నాను. ఆ మాట నోటితో అనడం అదే మొదలు.

ఆమె తిట్టలేదు. నా తల దువ్వి జడ వేసింది. "ఆకు మీదనే భారం వెయ్యద్దు బిడ్డా. లే, దవాఖానకు పోదాం" అని ఆటో పిలిచింది.

డాక్టరమ్మ అన్నీ అడిగింది. నెలసరి ఆగే వయసులో కొందరికి ఇలా అవుతుందని, దాచుకోకూడదని చెప్పి మందులు రాసిచ్చింది. తిరిగొస్తుంటే ఆటోలో పెద్దమ్మ బయటికి చూస్తూ అంది:

"నీ వయసుల నాకు గూడ గిట్లనే అయింది. మా అత్త నా కంచంల ఈ ఆకే వెట్టేది. వెట్టింది గని, ఏమైందే అని ఒక్కరడగలే. ఆ యేడంతా ఎట్ల బతికిన్నో నాకే తెల్వదు."

మెల్లగా కోలుకున్నాను. మందుల వల్లనో, ఆకు వల్లనో నేను చెప్పలేను. ఒకసారి ఆమెనే అడిగితే, "ఏమో బిడ్డా. నువ్వొస్తే నాకు గూడ ఇంత తినబుద్ధయితది" అంది. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. అంతవరకూ ఆమె రోజూ ఒక్కతే తింటోందన్న సంగతి నాకు తట్టనేలేదు.

నిరుడు పెద్దమ్మ ఉండే ఇల్లు అమ్ముడుపోయింది. చెల్లెలి కొడుకు ఆమెను పటాన్‌చెరు తీసుకెళ్లాడు. మేము చందానగర్‌లో మూడో అంతస్తుకు మారాం. బజారులో సరస్వతాకు కొనితెచ్చి మిక్సీలో వేస్తున్నాను. రుచి దాదాపు అదే. టీవీ పెట్టుకుని తింటాను.

పటాన్‌చెరులో, ఫోన్ చేసినతను ఇంట్లో లేడు. మిగతావాళ్లెవరికీ నేను తెలియదు. "మీరెవరమ్మా?" అని అడిగారు. "పక్కింట్లో కిరాయికుండేదాన్ని" అన్నాను. టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు. వాకిట్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. పొద్దున పెద్దమ్మ ఒంటిమీద ఉన్న చీరేమో, ఎవరో తడిపి తీగ మీద ఆరేశారు. దాని అంచు నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.