దారిబత్తెం

మా గాజుగదిలో అందరూ ఆవిడను గరిటక్క అంటారు. మొక్కల తోటలో పనిచేసే మనిషికి గరిటతో ఏం పని అని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఇరవై రెండేళ్ళు హాస్టల్లో వంట చేసింది మరి. ఆ వంటగది మూతపడ్డాక ఆవిడను తెచ్చి కాక్టస్ మొక్కల గాజుగదిలో వేశారు. ఉద్యోగం మారింది గానీ చెయ్యి మారలేదు. మధ్యాహ్నం మేమంతా బల్ల చుట్టూ చేరితే ఇప్పటికీ ఆవిడే వడ్డిస్తుంది. "ఇంకా వెయ్యనా?" అన్న మాట ఆవిడ నోట అప్పట్లో నేనెన్నడూ వినలేదు. పళ్ళెంలో ఖాళీ కనబడితే చాలు, గరిట పడేది. నేనక్కడ మొక్కలకు పేర్ల చీటీలు రాసేవాణ్ణి. నా బొజ్జలో సగం ఆవిడ చలవే.

మా దగ్గర ఒక ముసలి కాక్టస్ ఉండేది. గుండ్రంగా, చిన్న బిందెంత. అలాంటిది మా తోటలో ఇంకొకటి లేదు. పైకప్పు కారి, మొదలు కుళ్ళి అది చచ్చిపోయింది. చివరిసారి కాసిన కాయలో అరవై గింజలు దొరికాయి, ఆవగింజ కంటే చిన్నవి. మా మేడమ్, అంటే గాజుగదికి పెద్ద, వాటిలో నలభై గరిటక్క చేతిలో పెట్టింది. మొలకలు వచ్చాయి, పచ్చటి పూసల్లా. గరిటక్క మనసు ఊరుకోలేదు. "పసివాళ్ళు, ఏం తిని బతుకుతారు పాపం" అంటూ పూటపూటా ఎరువు నీళ్ళు పోసింది. వారానికల్లా తొట్టెంతా నాచు పట్టింది. పది రోజులకు మొలకలన్నీ మెత్తబడి వాలిపోయాయి.

ఆ రోజు ఆవిడ వడ్డించలేదు. ఎవరికి వాళ్ళం పెట్టుకుని తిన్నాం. ఒక్కరికీ సయించలేదు.

మర్నాడు వెళ్ళి మేడమ్ ముందు నిలబడింది. "మిగిలిన ఇరవై ఇంకెవరికైనా ఇవ్వండమ్మా. నా హస్తవాసి మంచిది కాదు. నన్ను గేటు దగ్గర ఊడవడానికి వేసెయ్యండి."

మేడమ్ తిట్టలేదు. ఆ ఇరవైలో పగిలిన గింజ ఒకటుంటే ఏరి, నా చీటీ కాగితం మీద పెట్టి చెంచా వెనకవైపుతో నలిపింది. కాగితం మీద చిన్న మరక పడింది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టింది.

"ఇదేంటో నాకంటే నీకే బాగా తెలుసు."

గరిటక్క వేలితో తడిమింది. "నూనె." కాగితం తన చేతిలోకి తీసుకుని అడిగింది. "ఇంత గింజలో నూనె ఎవరు పెట్టారమ్మా?"

"తల్లిమొక్క. నూనె, మాంసకృత్తులు దారిబత్తెం కట్టి పంపింది. తడి తగలగానే పిల్లమొక్క ఆ మూట విప్పుకుని తినడం మొదలెడుతుంది. వేరు దించడానికి, ఒళ్ళు పచ్చబడడానికి అదే ఆధారం. మొలిచాక కూడా బుగ్గల్లా ఉబ్బిన ఆ మొదటి రెండాకుల్లో కొంత మిగిలే ఉంటుంది. అది అయిపోయేలోగా ఎండలో సొంతంగా వండుకోవడం నేర్చుకుంటుంది. నువ్వు పోసిందంతా నాచు తింది, బూజు తింది."

"అయితే నేను పోసింది వాటికి అక్కరే లేదన్నమాట."

"అప్పటికి అక్కర్లేదు. మొదటి ముల్లు కనబడ్డాక పెట్టు."

పంతొమ్మిది గింజలూ మళ్ళీ గరిటక్క చేతికే వచ్చాయి. చల్లింది. నూనె మరక చీటీని తొట్టె పక్కన గోడకు అంటించింది. ఎరువు ప్యాకెట్టు తెచ్చి నాకిచ్చింది. "బీరువాలో పెట్టి తాళం వెయ్యి తమ్ముడూ. నేనడిగినా ఇవ్వకు."

పదిహేడు మొలిచాయి. రోజూ పొద్దున్నే నా బల్ల దగ్గరికి వచ్చి, బీరువా వంక ఓ చూపు చూసి వెళ్ళిపోయేది. నాలుగో వారంలో మేడమ్ సెలవు మీద వెళ్ళింది. సరిగ్గా అప్పుడే మొలకల బుగ్గలు లోపలికి పోవడం మొదలైంది. రోజురోజుకీ చిక్కిపోతున్నాయి. ఇవి పోతే వేయడానికి ఇంకో గింజ లేదు. గరిటక్క గేటు దగ్గరికి పోతుంది, ఆపినా ఆగదు. ఆవిడ అడగకముందే తాళంచెవి తీసి ఇచ్చేశాను.

"కొంచెం పెట్టక్కా. నేను చూడలేకపోతున్నాను."

ఆవిడ తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని గోడ మీది చీటీ వంక చాలాసేపు చూసింది.

"హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా అయిపోయేదాకా నా వంట ముట్టేవాళ్ళు కాదు. నాకెంత ఉక్రోషంగా ఉండేదో. డబ్బా అడుగంటా ఊడ్చుకుని తిన్నాక, పళ్ళెం పట్టుకుని వాళ్ళే వచ్చేవాళ్ళు." తాళంచెవి నా జేబులో వేసింది. "ఇవింకా అమ్మ డబ్బాలోదే తింటున్నాయి తమ్ముడూ. మధ్యలో నేనెవర్ని."

ఇంకో తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు పొద్దున్న నన్ను పిలిచి భూతద్దం ఇచ్చింది. "నా కళ్ళను నేను నమ్మను. నువ్వు చూడు."

చూశాను. చిక్కిన రెండు బుగ్గల నడుమ నూగు కంటే సన్నంగా ఒక తెల్లటి ముల్లు. పక్కదానికీ ఉంది. పదిహేడింటిలో పదకొండుకు వచ్చాయి, మిగతావి ఆ వారంలోనే అందుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

మేడమ్ తిరిగొచ్చి చూసుకుని, "ఇక పెట్టొచ్చు, మామూలు దాంట్లో పావు వంతు" అంది. గరిటక్క పావు వంతు కొలిచి కలిపింది. కాసేపు ఆలోచించి అందులో సగం పక్కన పెట్టేసింది. "మిగతాది వాటి ముఖాలు చూసి రేపు పోద్దాం."

ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే బల్ల చుట్టూ చేరాం. నా పళ్ళెం ఖాళీ అయింది. గరిట పైకి లేచి, పళ్ళెం మీదికి వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"ఇంకా వెయ్యనా తమ్ముడూ?" అంది గరిటక్క.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నాకు నిజంగా ఆకలి ఉందో లేదో ఒక నిమిషం ఆలోచించుకోవలసి వచ్చింది.

"వెయ్యక్కా" అన్నాను.