విల్ఫ్ ఆలరెన్‌షా కొత్త కారు ఇంజన్ ఫ్రీ చేసిన వేసవి

విల్ఫ్ ఆలరెన్‌షా ఉద్యోగం చేసినన్నాళ్లూ శవవాహనమే నడిపాడు. బేక్‌వెల్ చుట్టుపక్కల కొండ ఊళ్లలో ఎవరు పోయినా, ఇంటి నుంచి చర్చికీ, చర్చి నుంచి శ్మశానానికీ వాళ్లని తీసుకుపోయింది అతనే. నల్లకోటు, నల్లటోపీ, మనిషి నడక కన్నా కొంచెమే ఎక్కువ వేగం. అతని బండిలో కుదుపుండదని ఎంత పేరంటే, టిడ్స్‌వెల్ ఊరి ముసలమ్మ ఒకావిడ బతికుండగానే "నన్ను మాత్రం విల్ఫే తీసుకెళ్లాలి" అని కొడుకుల చేత ఒట్టు వేయించుకుంది.

అలాంటి మనిషి వసంతకాలంలో ఉద్యోగం మానేసి, వారం తిరక్కుండా స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు, తీసి వెనక్కి మడిచే గుడ్డ కప్పు, పండిన చెర్రీపండు రంగు. వీధి వీధంతా కిటికీల్లోంచి తొంగిచూసింది. భార్య గ్లెనిస్ మాత్రం ఆశ్చర్యపోలేదు. బడి వంటశాలలో వందలమంది పిల్లలకు వండి వడ్డించి వచ్చిన మనిషి ఆమె. దేనికీ తొందరగా ఆశ్చర్యపోదు. పైగా నలభై ఏళ్లుగా ఆ మొగుడు కార్ల పత్రికలు తిరగేస్తుంటే చూస్తూనే ఉంది.

కారు అప్పగించే రోజు షోరూమ్ కుర్రాడు బుద్ధిగా చెప్పాడు. మొదటి వెయ్యి మైళ్లూ ఇంజన్‌ని ఫ్రీ అవనివ్వాలి. ఇంజన్ తిరిగే వేగం చూపే ముల్లు సగం దాటకూడదు. ఒకే వేగంతో గంటలకొద్దీ పోకూడదు, కొంచెం పెంచుతూ కొంచెం తగ్గిస్తూ ఉండాలి. బ్రేకులు గట్టిగా తొక్కకూడదు. విల్ఫ్ చేతులు కట్టుకుని, ప్రార్థన వింటున్నంత శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఇన్నేళ్లూ చేసిన పనే మళ్లీ చెయ్యమంటున్నారు కదయ్యా నిన్ను!" అంది గ్లెనిస్, తలకి రుమాలు కట్టుకుంటూ.

"వెయ్యి మైళ్లే కదే. ఆ తర్వాత చూడు నా తడాఖా."

ఆ వెయ్యి మైళ్లు ఎలా గడిచాయో ఆ కొండల్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మొదటి రోజే ఎత్తు ఎక్కుతుంటే పాల ట్యాంకరు వెనక నుంచి హారన్ మోగించి దాటేసింది. తర్వాత గడ్డిమోపులు లాగే ట్రాక్టరు దాటింది. మూడోసారి సైకిలు మీద వెళ్తున్న ఒక పెద్దాయన, పక్కకొచ్చి కారుని పైనుంచి కిందకి చూసి, "ఇంత అందమైన కారుకి ఇంజన్ పెట్టడం మర్చిపోయారా ఏంటి?" అని ముందుకి సాగిపోయాడు. గ్లెనిస్ కడుపు పట్టుకుని నవ్వింది. విల్ఫ్ చెవులు కారు రంగుకి వచ్చాయి గానీ, ముల్లు మాత్రం సగం దాటలేదు.

మైళ్లు పోగవ్వాలంటే ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. అందుకని ఎప్పటినుంచో వస్తాం వస్తాం అని తప్పించుకుంటున్న చుట్టాలందరి ఇళ్లకీ బయల్దేరారు. అక్కడ ఇంకో చిక్కొచ్చింది. లాంగ్‌నార్‌లో గ్లెనిస్ పినతల్లి కూతురు ఎడ్నా తలుపు తీసి, గేటు దగ్గర విల్ఫ్‌ని చూసి తెల్లబోయింది.

"అయ్యో దేవుడా! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు ఎడ్నా. టీ తాగుదామని వచ్చాం."

"టీ తాగడానికా? నువ్వా?" ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని గుమ్మంలోనే కూలబడింది. "నువ్వు మా ఇంటికొచ్చింది రెండేసార్లు విల్ఫ్. ఒకసారి మా అమ్మకి, ఒకసారి మా ఆయనకి."

అయినా ఆ సాయంత్రం ఎడ్నా వాళ్లని వదల్లేదు. వేడివేడి ఓట్ రొట్టెలు, జున్నూ పెట్టి, చీకటిపడేముందు తనని కారులో ఊరి చివరిదాకా తిప్పుకురమ్మంది. తిరిగొచ్చి, జుట్టు సర్దుకుంటూ, "మా ఆయన కూడా ఇంత నెమ్మదిగానే వెళ్లాడు పాపం" అంది. అందరూ నవ్వారు, ఎడ్నా కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

ఆదివారాల్లో కొండ మీద టీ బండి దగ్గర ఇలాంటి కార్ల వాళ్లంతా చేరేవారు. అక్కడే డెస్మండ్ టనిక్లిఫ్ పరిచయమయ్యాడు. బడిలో ఆటల మాస్టారుగా చేసి మానేసినవాడు. విల్ఫ్ కారులాంటిదే పసుపురంగుది అతనిది. కొత్త ఇంజన్‌ని ఎలా ఫ్రీ చేయాలన్నదాని మీద అక్కడ ప్రతివారం యుద్ధమే.

"మొదటి రోజే బాదెయ్యాలి గురూ!" అనేవాడు డెస్మండ్. "నేను షోరూమ్ గేటు దాటగానే తొక్కేశాను. చూడు, గుర్రంలా ఉంది."

"గుర్రంలాగే తాగుతోంది కూడా, నూనె!" అందో పళ్ల డాక్టరమ్మ. "నేను హైవే మీద ఒకే వేగంతో వెయ్యి మైళ్లు లాగించేసి చెడగొట్టుకున్నా. విల్ఫ్ గారిలా ఓపిక పట్టాల్సింది."

"ఓపికా? ఆయన వెనక పడ్డానంటే నాకు పాపాలన్నీ గుర్తొస్తాయమ్మా!"

విల్ఫ్ టీ గ్లాసు వెనక దాక్కుని నవ్వేవాడు. లోపల మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. రాత్రి పడుకునే ముందు గ్యారేజీలోకి వెళ్లి మీటరు చూసొచ్చేవాడు.

ఆగస్టులో వెయ్యి పూర్తయింది. గ్యారేజీలో ఇంజన్ నూనె మార్చిన మెకానిక్, "ఇంత శుభ్రంగా ఫ్రీ చేసిన బండిని నేను చూళ్లేదు. ఇక మీ ఇష్టం" అన్నాడు. విల్ఫ్ నేరుగా కొండ మీది బీడు రోడ్డు పట్టాడు. కనుచూపుమేర ఒక్క బండి లేదు. రెండువైపులా ఊదారంగు పూల పొదలు, గొర్రెలు. గ్లెనిస్ సీటు బెల్టు బిగించుకుని, కళ్లు మూసుకుంది.

కాసేపటికి ఒక కన్ను తెరిచింది. "బయల్దేరావా?"

"బయల్దేరాను."

"మరి గొర్రెలు మనతో సమానంగా నడుస్తున్నాయేంటి?"

విల్ఫ్ కాలు నొక్కాడు. ముల్లు సగందాకా లేచింది, మళ్లీ దిగింది. ఇంకోసారి. మళ్లీ అంతే. ఎవరో పాదం కింద చెయ్యి పెట్టి ఆపుతున్నట్టుంది.

"కారు ఫ్రీ అయిందయ్యా," అంది గ్లెనిస్. "ఫ్రీ అవ్వాల్సింది నువ్వు!"

మామూలుగా అయితే విల్ఫ్ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. కారుని రాతిగోడ పక్కకి తెచ్చి ఆపాడు.

"వెనక అద్దం చూస్తున్నానే," అన్నాడు. "చూడకుండా ఉండలేకపోతున్నా. ఎప్పుడూ వెనకాల వాళ్ల కార్లుండేవి. పెళ్లాలు, పిల్లలు. ఏడ్చి ఏడ్చి సరిగ్గా నడపలేని వాళ్లు. నేను తొందరపడితే వాళ్లు తప్పిపోతారు. ఒకసారి కొత్తల్లో ఒక మలుపు దగ్గర అలాగే జరిగింది. ఒకావిడ దారి తప్పి, మొగుణ్ణి గోతిలోకి దింపేశాక వచ్చింది. ఎవరూ నన్నేం అనలేదు. ఆవిడ కూడా అనలేదు."

గ్లెనిస్‌కి ఇన్నేళ్లలో ఈ సంగతి తెలియదు. వేళాకోళం ఆపేసి, అతని మోకాలి మీద చెయ్యి వేసింది. ఇంటికి వచ్చాక, అతను తోటలోకి వెళ్లగానే, డెస్మండ్‌కి ఫోన్ చేసింది.

సెప్టెంబరులో కార్ల వాళ్లంతా కలిసి, ఒకప్పుడు విమానాలు దిగి, ఇప్పుడు వాడకం లేని ఒక పాత మైదానాన్ని ఒక పూటకి అద్దెకి తీసుకున్నారు. గడ్డి మొలిచిన కాంక్రీటు దారి, చివర్న ఎర్ర జెండా. డెస్మండ్ మిగతా కార్లన్నిటినీ పక్కకి పంపించేసి, విల్ఫ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. మొదటిసారి అతని గొంతులో వెటకారం లేదు.

"విల్ఫ్ గారూ, ఒక్కసారి అద్దం చూడండి."

విల్ఫ్ చూశాడు. ఖాళీ కాంక్రీటు. దాని మీద కాకి కూడా లేదు.

"మీ వెనక ఎవరూ లేరు. మీరు మళ్లీ ఇక్కడికొచ్చేదాకా ఎవరూ రారు. నాదీ పూచీ."

విల్ఫ్ తల ఊపాడు. మొదటి గేరు, రెండో గేరు. ముల్లు సగం దగ్గరికి వచ్చింది, వణికింది. ఇంకోసారి అద్దంలోకి చూసి, పాదం నేలకి ఆనించేశాడు.

ఆ ఇంజన్‌కి అంత గొంతుందని ఇద్దరికీ తెలియదు. ముల్లు సగం దాటి, ముప్పావు దాటి, ఎర్రగీత మీదకి ఎగబాకింది. గ్లెనిస్ రుమాలు ఊడి ఎటో ఎగిరిపోయింది. "ఇంకా! ఇంకా తొక్కవయ్యా!" అని ఆమె కేకలు. ఇంకో కేక కూడా వినిపిస్తోంది. అది తన గొంతేనని ఎర్ర జెండా దగ్గరపడ్డాక గానీ విల్ఫ్‌కి తెలియలేదు.

తిరిగొచ్చి ఆగితే అందరూ చుట్టూ మూగారు.

"ఎంత కొట్టావు గురూ? ఎంత?" డెస్మండ్ అడిగాడు.

"చూళ్లేదు," అన్నాడు విల్ఫ్. గొంతు బొంగురుపోయింది. మొహాన చెవిదాకా నవ్వు.

"అయితే మళ్లీ చూడాల్సిందే," అంది గ్లెనిస్ తలుపు తెరుస్తూ. "దిగవయ్యా, ఇటు జరుగు. ఇప్పుడు నా వంతు."

ఆమె తొక్కిన తొక్కుడుకి విల్ఫ్ రెండు చేతులా సీటు పట్టుకున్నాడు. ఎర్ర జెండా దగ్గర వెనక్కి తిరిగేచోట "మలుపుందే, మలుపు!" అని ఒకసారి, "గ్లెనిస్, మనకి ఒక్కటే కారుందే!" అని ఇంకోసారి మాత్రం అన్నాడు. పళ్ల డాక్టరమ్మ గడ్డిలోంచి రుమాలు వెతికి తెచ్చింది.

అప్పటినుంచీ విల్ఫ్ వేగంగానే పోతాడని కాదు. ఊళ్లలో ఇప్పటికీ అతని వెనక పడినవాళ్లు నిట్టూరుస్తారు. కానీ బీడు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఆ చెర్రీ రంగు కారు గొర్రెలు తలెత్తి చూసేలా పోతుంది. అక్టోబరులో స్కాట్లాండ్ వెళ్లారు. వాన పడుతున్నా కప్పు వేయలేదట. వేగంగా పోతే చినుకులు తల మీదుగా పోతాయి గానీ లోపల పడవని విల్ఫ్ వాదన. ఇద్దరూ జలుబుతో తిరిగొచ్చారు.