పెద్ద సెన్సరా, చిన్న సెన్సరా: కెమెరా కొనేముందు పెద్ద అంబర్‌పేట్ చెరువు దాకా ఒక ఆదివారం

కెమెరా కొనాలని నిర్ణయించుకోవడానికి నాకు ఒక్క సాయంత్రం పట్టింది. ఏ కెమెరా కొనాలో తేల్చుకోవడానికి మాత్రం దసరా దాటి, దీపావళి దాటి, చలికాలం సగం గడిచిపోయింది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఇల్లు చంపాపేట్‌లో. ఆదివారాలు ఊరి చివర చెరువుల దగ్గర పిట్టల్ని చూడటం నాకున్న ఒకే ఒక్క సరదా. ఇన్నాళ్ళూ జేబులో పట్టే చిన్న డబ్బా కెమెరాతో నెట్టుకొచ్చాను. అందులో కొంగ సున్నపు చుక్కలా, లకుముకి పిట్ట అసలు లేనట్టుగా పడేవి. అందుకని లెన్సులు మార్చుకునే కెమెరా కొందామనుకుని ఇంటర్నెట్‌లో చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ తెలివి పెరిగింది కానీ తేల్చుకునే శక్తి తగ్గిపోయింది.

నాలాగే తికమక పడుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. సెన్సర్ అంటే పూర్వం ఫిల్మ్ ఉండే చోట ఇప్పుడుండే పలక. పాత ఫిల్మ్ ముక్కంత ఉంటే ఫుల్ ఫ్రేమ్ అంటారు, అంతకంటే చిన్నదైతే క్రాప్ సెన్సర్ అంటారు. వానలో పెట్టిన పళ్ళెంలో గిన్నెలో కంటే ఎక్కువ నీళ్ళు పడ్డట్టు, పెద్ద సెన్సర్ మీద ఎక్కువ వెలుతురు పడుతుంది. మసక చోట్ల కూడా బొమ్మ శుభ్రంగా వస్తుంది. అయితే ధర ఎక్కువ, బరువూ ఎక్కువే. ఇక కంపెనీల పేర్లు నేను రాయను, ఎర్ర పట్టీ కంపెనీ, పసుపు పట్టీ కంపెనీ అంటాను. ఒకదాని లెన్సు రెండోదానికి పట్టదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. ఒకసారి ఒక గూటిలో చేరితే బయటికి రావడం కష్టం.

మా మేనమామ కొడుకు యాదగిరి బావకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు తీస్తాడు. అన్నీ ఎర్ర పట్టీవే వాడతాడు. నా ప్రశ్నలతో విసిగిపోయి ఒకరోజు అన్నాడు: "నువ్వు చదువుడు ఆపు సరితా. ఒక దినం పెద్ద కెమెరా మెడల ఏసుకొని తిరుగు. ఏది కొనాల్నో నీ మెడనే చెప్తది." ఆదివారం తనకు పెళ్ళి లేదని, తన ఫుల్ ఫ్రేమ్ కెమెరాను పొడుగు లెన్సుతో సహా ఒక రోజుకు ఇస్తానన్నాడు.

నాకు తోడు పద్మజక్క. మా కాలేజీలోనే ఇంగ్లీషు లెక్చరర్. నాకంటే పదేళ్ళు పెద్ద. పుట్టింది గుంటూరు దగ్గర పల్లెలో, పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఎల్బీ నగర్‌లో ఉంటోంది. పిట్టల పిచ్చి ఆమెకు నేనే అంటించాను. ఆమె కూడా కెమెరా కొనే ఆలోచనలోనే ఉంది. అయితే ఆమె పసుపు పట్టీ వైపు. గుంటూరులో ఉండే వాళ్ళ తమ్ముడి దగ్గర ఆ కంపెనీ లెన్సులు బోలెడున్నాయి. ఈమధ్య హైదరాబాద్ వచ్చినప్పుడు తన క్రాప్ సెన్సర్ కెమెరాను అక్కకు వాడి చూడమని వదిలి వెళ్ళాడు.

ఆమె పసుపు వైపు మొగ్గడానికి ఇంకో కారణం కూడా ఉందని నాకు తెలుసు. ఇవి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. వారానికో బంద్. మా స్టాఫ్ రూములో టీ తాగే గుంపులు మెల్లగా రెండయ్యాయి. నాది నల్లగొండ జిల్లా, నా మనసు ఎటుందో దాచుకోలేదు. ఆమె ఎటూ మాట్లాడలేదు. మేమిద్దరం టీ మాత్రం కలిసే తాగేవాళ్ళం, ఆ ఒక్క సంగతీ ఎత్తకుండా. పోయిన నెల ఆమె మామూలుగా అన్నట్టు అంది: "మా ఆయన విజయవాడలో ఫ్లాటు చూస్తున్నారు సరితా. ఇక్కడ రేపెలా ఉంటుందో అని ఆయనకి బెంగ." వెళ్ళిపోయే మనిషికి వెళ్ళే వైపు ఉన్న లెన్సులే పనికొస్తాయి కదా అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి చంపాపేట్ నుంచి ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ చేరాను. నలభై రూపాయలు తీసుకున్నాడు. స్టూడియో షట్టరు సగమెత్తి బావ కెమెరా చేతిలో పెట్టాడు. పసిపిల్లను ఎత్తుకున్నంత బరువుంది. బస్సెక్కితే కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయి లారీలు అడ్డంగా నిలబడి కాసేపు ఆగాం. ఎల్బీ నగర్ చౌరస్తాలో పద్మజక్క స్వెట్టరు వేసుకుని ఎదురుచూస్తోంది. అక్కడి నుంచి హయత్‌నగర్‌కు షేర్ ఆటోలో మనిషికి పది రూపాయలు. మళ్ళీ ఇంకో ఆటోలో పెద్ద అంబర్‌పేట్. ఆ రెండో డ్రైవరు మమ్మల్ని దింపుతూ, "మేడం, జల్ది వాపస్ రాండ్రి. పదకొండు అయితే హయత్‌నగర్ కాడ రోడ్డు మీద వంటావార్పు ఉంది. బండ్లు బంద్," అన్నాడు. వంటావార్పు అంటే జాతీయ రహదారి మధ్యలో పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన చెప్పడం. పదకొండులోపే వెనక్కి వస్తాంలే అనుకున్నాం. పిట్టల దగ్గరికి వెళ్ళినవాళ్ళు అనుకున్న సమయానికి ఎప్పుడు వచ్చారు గనక!

హైవే దిగి మట్టి బాటలో పావుగంట నడిస్తే చెరువు. మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. గట్టున తుమ్మకొమ్మ మీద లకుముకి పిట్ట కూర్చుంది. మా ఇద్దరి లెన్సులూ మూడు వందల మిల్లీమీటర్లవే, అంటే దూరాన్ని ఒకేలా దగ్గరికి లాగేవే. ఒకే చోట నిలబడి, ఒకే పిట్టను, ఒకేసారి తీశాం. తర్వాత రెండు తెరలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నా గర్వం కాస్త దిగింది. నా పెద్ద కెమెరాలో కొమ్మంతా, చెరువంతా పడి పిట్ట మధ్యలో చిన్నగా ఉంది. ఆమె చిన్న సెన్సర్‌లో చుట్టూ ఉన్నది తెగిపోయి పిట్ట పెద్దగా, ముక్కులోని చేపతో సహా నిండుగా ఉంది.

"ఇదేంటి సరితా, నీది ఖరీదైంది కదా?" అంది పద్మజక్క, నవ్వు ఆపుకుంటూ.

"చిన్న సెన్సర్ మీద నడిమి భాగమే పడుతది అక్కా. అందుకే దూరపు పిట్ట దగ్గర కనపడుతది. నేను చదివిన, కానీ గింత తేడా ఉంటదనుకోలే," అన్నాను.

దూరంగా ఉన్నవాటిని తీసే సరదా ఉన్నవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పెద్ద సెన్సర్‌తో అంత దగ్గరగా తీయాలంటే ఇంకా పొడుగు లెన్సు కావాలి. దాని ధర, బరువు వేరే.

తిరిగి హైవే ఎక్కేసరికి పన్నెండు కావస్తోంది. ఆటో డ్రైవరు చెప్పినట్టే బండ్లు లేవు. ఎండలో హయత్‌నగర్ వైపు నడక మొదలుపెట్టాం. కొంత దూరం ఒక ట్రాక్టరు ఎక్కించుకుంది. కానీ దిగాక మళ్ళీ నడకే. నా మెడ మీద పట్టీ ఎర్రటి చార వేసింది. కెమెరా ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మారుతూనే ఉంది. పద్మజక్క తనదాన్ని చేతిసంచిలో వేసుకుని తాపీగా నడుస్తోంది.

హయత్‌నగర్‌లో రోడ్డు నడుమ టార్పాలిన్ పందిరి, దాని కింద రాళ్ళ పొయ్యిల మీద పెద్ద గంగాళాలు. డప్పులు మోగుతున్నాయి. నా మెడలోని కెమెరాను చూడగానే నలుగురైదుగురు యువకులు ముందుకొచ్చి పిడికిళ్ళు ఎత్తి నినాదాలు అందుకున్నారు. ఒకతను అడిగాడు: "ఏ పేపర్ మేడం?"

"ఏ పేపర్ కాదు తమ్మీ. పిట్టల ఫోటోలు తీస్తం," అన్నాను.

"పిట్టలా!" అని పిడికిలి దించేసి నవ్వాడు. "అయితే తినిపోండ్రి. ఇప్పుడు మీకు బస్సు దొరకదు."

పందిరి కింద పొగ, మసక. ఆ చీకట్లో తీసినవే నా కెమెరా గొప్పతనాన్ని చూపించాయి. అది నిజం, ఒప్పుకోవాలి. కానీ నేను కెమెరా ఎత్తిన ప్రతిసారీ ఎదుటివాళ్ళు సర్దుకుని నిలబడేవాళ్ళు. పద్మజక్క తన పొడుగు లెన్సు తీసేసి, సంచిలోంచి గుప్పెడంత చిన్న లెన్సు తగిలించుకుంది. ఆమెను ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. నోరు విప్పితే తన మాట తన ఊరు చెప్పేస్తుందని భయపడుతోందని నాకు అర్థమైంది.

పప్పు గంగాళం దగ్గర లచ్చమ్మ అనే ఆమె గరిటె తిప్పుతోంది. యాభై ఏళ్ళుంటాయి, కొంగు బొడ్లో దోపుకుంది. మా ఇద్దరికీ విస్తళ్ళలో అన్నం, పప్పు పెట్టి, పద్మజక్కను అడిగింది: "జర ఎట్లయిందో చెప్పు బిడ్డా."

పద్మజక్క ఒక ముద్ద తిని, టీచరమ్మ కదా, అడిగినదానికి నిజం చెప్పేసింది. "బాగుందండీ. ఉప్పు కొంచెం తగ్గిందేమో."

ఆ "అండీ"తో చుట్టూ ఉన్న మాటలు ఆగిపోయాయి. "ఏ ఊరు బిడ్డా?" అంది లచ్చమ్మ.

"గుంటూరు దగ్గరండీ. ఇరవై ఏళ్ళుగా ఎల్బీ నగర్‌లోనే ఉంటున్నాం."

పక్కన నిలబడ్డ నడివయసు మనిషి ముఖం మారింది. "మరి మా ఫోటోలు ఎందుకు తీస్తున్నవమ్మా? ఎవరికి చూపెట్టనీకి?" అని కెమెరా చూపించమన్నాడు. నేను అడ్డు వెళ్ళబోయాను. పద్మజక్క నా చెయ్యి పక్కకు జరిపి, కెమెరా తెర అతని వైపు తిప్పింది. ఒక్కో ఫోటో జరుపుతూ పోయింది. లకుముకి పిట్ట. బాతులు. మళ్ళీ లకుముకి పిట్ట. కొంగ. తర్వాత పొగలో కళ్ళు చికిలించి, ఎవరినో తిడుతూ పకపకా నవ్వుతున్న లచ్చమ్మ.

లచ్చమ్మ తెర మీదికి వంగింది. "ఓ యమ్మా, గిది నేనేనా? నేను నవ్వితే గిట్లుంటనా!" అని మళ్ళీ అలాగే నవ్వింది. తర్వాత ఆ మనిషి వైపు తిరిగి గరిటె ఊపింది. "ఏందయ్యా నీ పరేషాన్? పదకొండింటి నుంచి రెండు గంగాళాలు తిన్నరు మీరంత. ఉప్పు తక్కువుందని ఒక్కడన్న చెప్పిండా? గీ బిడ్డ చెప్పింది. కొట్లాట కొట్లాటనే, పప్పు పప్పే. జరుగు, ఉప్పు డబ్బా అందుకో."

అతను ఉప్పు డబ్బా తెచ్చిచ్చాడు. వెళ్తూ పద్మజక్కతో, "ఏమనుకోకమ్మా. గీ దినాలే అట్లున్నయి," అన్నాడు. ఆమె తలూపింది. విస్తరిలోని అన్నం మొత్తం తినేదాకా మేము అక్కణ్ణుంచి కదల్లేదు.

మూడింటికి ఒక ఆటో అతను, "మెయిన్ రోడ్డు బంద్ మేడం. గల్లీల నుంచి తీస్కపోతా, ఇద్దరికి కలిపి నూటయాభై," అన్నాడు. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాం. వనస్థలిపురం గల్లీల్లో కుదుపులకు నా మెడ ఇంకా నొప్పిపెట్టింది.

"ఏది కొంటున్నావు సరితా?" అని అడిగింది పద్మజక్క.

"ఎర్ర పట్టీనే అక్కా. బావ లెన్సులున్నయి కదా. కానీ చిన్న సెన్సర్ తీసుకుంట. గీ బరువు ఆదివారం ఆదివారం మొయ్యాలంటే నాతోని కాదు."

ఆమె చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. "అయితే నేనూ ఎర్రదే తీసుకుంటాను. నువ్వు పొడుగు లెన్సు కొను, నేను దగ్గరివన్నీ పట్టే వెడల్పుది కొంటాను. మార్చుకుందాం."

"మరి మీ తమ్ముడి లెన్సులు?"

"అవి గుంటూరులో ఉంటాయమ్మా. నేనుండేది ఇక్కడ కదా."

"విజయవాడ ఫ్లాటు?" అన్నాను.

"ఆయన కొంటే కొననీ, అద్దెకిచ్చుకుంటాం. భయం పోయిందని చెప్పను. ఇంకోచోట ఇంకొకరు ఇంకోలా మాట్లాడొచ్చు. కానీ ఇరవై ఏళ్ళు ఉన్న ఊరు. ఇక్కడైతే ఉప్పు తగ్గిందని చెప్పగలిగాను, చూశావా," అని నవ్వింది. ఉద్యమం గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదలు. ఆటో ఎల్బీ నగర్ చేరేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. అన్నిట్లో ఒప్పుకోలేదు. ఆమె మాటల్లో కొన్ని నాకు నచ్చలేదు, నావి కొన్ని ఆమెకు గుచ్చుకున్నాయి. అయినా దిగేముందు వచ్చే ఆదివారం ఎన్నింటికి బయల్దేరాలో అడిగింది.

నాలుగు రోజుల తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఇద్దరం ఒకే రకం కెమెరాలు కొన్నాం. పెద్ద సెన్సర్ గొప్పదే. పెళ్ళి మండపాల్లో, రాత్రి వెలుతురులో, గోడకు పెట్టేంత పెద్ద బొమ్మలు తీసేవాళ్ళకు దానికి సాటి లేదు. ఇన్ని నెలలు నేను కాగితం మీద ఏది గొప్పదా అని వెతికాను. ఏ చెరువుకు వెళ్తాను, ఎంత దూరం నడుస్తాను, పక్కన ఎవరుంటారు అని ఒక్కసారి కూడా నన్ను నేను ప్రశ్నించుకోలేదు. కంపెనీల మధ్య తేడా నిజానికి చాలా తక్కువ. లెన్సు అరువిచ్చే మనిషి ఏ గూటిలో ఉన్నారన్నదే పెద్ద తేడా. ఇప్పుడు మా రెండు సంచుల్లో ఉన్నవి ఎవరివో కొన్నిసార్లు మాకే గుర్తుండదు.

కొనబోయేవాళ్ళకు ఒక్క సలహా: తెలిసినవాళ్ళ దగ్గరో, కిరాయికో రెండు రకాల కెమెరాలు ఒక పూట సంపాదించి, మీ సొంత మెమరీ కార్డు వేసి ఒకే వస్తువును రెండింటితో తీయండి. షాపులో తెర మీద చూసి తేల్చుకోకుండా, రెండింటినీ ఒకే సైజు కాగితం మీద ప్రింటు వేయించి చూడండి. ఆ ప్రింట్లు పక్కపక్కన పెట్టి ఏది ఏ కెమెరాదో మీరు గుర్తుపట్టలేకపోతే, తేలికగా ఉన్నదాన్నే కొనుక్కోండి.