పూర్తి దశమభాగం

నాన్న ఉద్యోగం పోయిన ఏడాది మా ఇంట్లో అన్నిటికీ కోత పడింది, దశమభాగానికి తప్ప. ఏ.ఎస్. రావు నగర్ వైపు ఆయన పనిచేసే చిన్న కంపెనీ మూతపడ్డాక పాలు తగ్గాయి, కూరలు తగ్గాయి, ఆయన మొండితనం మాత్రం పెరిగింది. మేం మోర్మన్లం, క్రైస్తవుల్లో ఓ చిన్న శాఖవాళ్లం. వచ్చినదాంట్లో పదో వంతు దేవుడిది. అది పూర్తిగా కట్టనివాళ్లకు మా పవిత్రాలయంలోకి ప్రవేశం లేదు. ఆ ఆలయమూ మన దేశంలో లేదు, విమానమెక్కి పోవాలి.

అమ్మకు ఆ ఆలయమే కావాలి. నాకన్నా ముందు ఒక బాబు పుట్టి, నెల తిరక్కుండానే పోయాడు. అక్కడ తల్లీతండ్రీ ఇద్దరూ కలిసి ఒక క్రతువు జరిపిస్తే ఆ బిడ్డ ఎప్పటికీ వాళ్లవాడే అవుతాడని మా నమ్మకం. వచ్చే జూన్‌లో వెళ్లే బృందానికి దారిఖర్చుల సాయం దొరుకుతుందని తెలిసినప్పటినుంచి అమ్మ కుట్టు మిషన్ ముందు కూర్చుని కూనిరాగాలు తీసేది.

నెలకో ఆదివారం మావాళ్లంతా రెండు పూటలు పస్తుండి, ఆ తిండి ఖర్చు లేనివాళ్లకోసం ఇస్తారు. అందులోంచి మాకు బియ్యం వచ్చాయి. నాన్న వాటిని గ్లాసుతో కొలిచి, ప్రతి పదో గ్లాసూ వేరే సంచిలో పోసి, మా సంఘ పెద్దకే తిరిగి పట్టుకెళ్లాడు. ఆయన పద్మారావు నగర్‌లో ట్యూషన్లు చెప్పే మాస్టారు. పాపం, బిత్తరపోయి, సాయం ఆదాయం కిందికి రాదని ఎంత చెప్పినా నాన్న వినలేదు. ఇంటికొచ్చి ఏదో ఘనకార్యం చేసినట్టు చెప్పుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వారం చివర గంజి తాగింది మేం.

నా ఇంటర్ ఫీజు గడువు దగ్గరపడినప్పుడు కూడా అంతే. చిల్లర పనుల్లో వచ్చినదాంట్లోంచి దేవుడి వాటా తీసి కవర్లో పెట్టాక మిగిలింది ఫీజుకు చాలలేదు. కవరు ముట్టుకోనివ్వలేదు. తక్కువ పడింది అమ్మ తెచ్చి కట్టింది.

డిసెంబర్‌లో ప్రతి కుటుంబం సంఘ పెద్ద ముందు కూర్చుని, ఆ ఏడు పూర్తిగా కట్టామో లేదో నోటితో చెప్పాలి. నిజమా కాదా అని ఎవరూ ఆరా తీయరు. నాన్న ఛాతీ విరుచుకుని మా అందరి తరఫునా పూర్తి అన్నాడు. మాస్టారు సంతోషంగా లేవబోయాడు.

"నాది పూర్తి గాదు బ్రదర్," అంది అమ్మ. "కుట్టుపని పైసలల్ల దేవునిది తియ్యలె. పిల్ల ఫీజుకు కట్టిన."

మాస్టారు మెల్లగా, ఇప్పుడైనా కట్టే వీలుందా అని అడిగాడు. అమ్మ నాన్న వైపు చూసింది. ఆయన గోడ వైపు చూశాడు.

జూన్‌లో నాన్న ఒక్కడే వెళ్లాడు. తిరిగొచ్చి ఆలయం ఫోటో ముందు గదిలో మేకు కొట్టి తగిలించాడు. బాబు సంగతి ఏమైందని అమ్మ అడిగింది.

"నువ్వు లేకుంట ఎట్లయితది? నీ చేతులార నువ్వే చెడగొట్టుకున్నవ్," అన్నాడు.

ఆ మాటకు ఆయన్ని నేను ఈనాటికీ క్షమించలేదు, క్షమించను కూడా. అమ్మ ఆ ఫోటో వంక చూడలేదు. కాలేజీకి టైమవుతోందంటూ నా టిఫిన్ డబ్బా మూత బిగించి చేతికిచ్చింది.