వెబ్‌సైటు కింద అత్త నంబరు

పెనుకొండ బస్టాండులో బస్సు ఆగి ఉండగా నాయన ఫోను చేశాడు. "అక్క పోయిందిరా. యాడుండావు?" అన్నాడు. హిందూపురంలో కొత్త చీరల ఫోటోలు మా వెబ్‌సైటుకు ఎక్కించుకుని ధర్మవరం తిరిగి వస్తున్నాను. వస్తాండా అని పెట్టేశాను. పక్క సీటాయన ఎవరప్పా అంటే మా మేనత్త అన్నాను. ఆ ఒక్క మాటలో ఆమె పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. మా దగ్గర చీరలు కొన్నవాళ్లలో చాలామందికి ఆమె ముఖం తెలియదు, గొంతు తెలుసు.

అత్త మెట్టినిల్లు హిందూపురం. మామ పోయాక, తొంభైల్లో, మా ఇంటికి వచ్చేసింది. నాయన మగ్గాలకు కండెలు చుట్టేది, అంటే పేక దారం చిన్న గొట్టాలకు చుట్టే పని. పని చేస్తూనే వీధిలో పోయేవాళ్లందరినీ పలకరించేది. వాళ్లు జవాబు చెప్పకుండా పోతే వెనక్కి పిలిచి మరీ అడిగేది.

నేను బజారు చివర చిన్న పట్టుచీరల అంగడి పెట్టాక వెబ్‌సైటు పిచ్చి పట్టింది. ఊళ్లో అప్పటికి అలాంటివి ఒకటో రెండో. హిందూపురంలో కంప్యూటర్ సెంటర్ నడిపే స్నేహితుడు చేసిపెట్టాడు. స్టూడియోలో ఫ్లాషు వేసి తీయించిన ఫోటోలు స్కాన్ చేసి ఎక్కించాం. చివర్లో వాడు, "కింద ఒక నంబరు రాయాలప్పా" అన్నాడు. అంగడికి ఫోను లేదు. ఇంటి నంబరు ఇచ్చాను. ఇంట్లో ఫోను పక్కన కూర్చుని కండెలు చుట్టేది అత్త.

"వెబ్‌సైటంటే ఏందిరా?" అని అడిగింది.

"మన అంగడే అత్తా. కంప్యూటర్లో కనపడతాది."

"మరి వచ్చినోళ్లను కూర్చోమనేది ఎవురు?"

నవ్వేశాను. మర్నాటి నుంచి ఫోను వస్తే అత్త మొదటి మాట "కూచోమ్మా, కూచోని మాట్లాడు." అవతల వాళ్లు నవ్వేవాళ్లు. నిజంగానే కూర్చునేవాళ్లేమో, అరగంట దాకా పెట్టేవాళ్లు కాదు. కన్నడం వాళ్లయితే కన్నడంలో అందుకునేది. పెళ్లి ఎవరికి, అత్తగారు ఎట్లాంటిది, పెళ్లయ్యే పాపకు బరువు చీర అలవాటుందా, అన్నీ కావాలి. ధర మాత్రం చెప్పేది కాదు. "అది మావాణ్ని అడుగు, నాకు తెలిస్తే తగ్గించేస్తా" అనేది.

ఒకసారి మా వీధి చివర ఇంటర్నెట్ సెంటరుకు తీసుకుపోయి చూపించాను. అప్పట్లో ఫోటో ఒక్కసారిగా వచ్చేది కాదు, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగేది. అత్త కళ్లజోడు సర్దుకుని, "ఇదీ మగ్గమేరా, వరస వరసా నేస్తాండాది" అంది. ఎర్రగా చీర పూర్తిగా వచ్చాక మాత్రం ముఖం చిట్లించింది. "ఇదెవురి చీర? మనది ఇట్ల లేదే."

మనదే అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

ఫోన్లు వస్తున్నాయి గానీ బేరాలు లేవు. నాయన విసిగిపోయాడు. "ఈ పెండ్లిండ్ల కాలం చూస్తా. కంప్యూటర్ నుంచి బేరం రాలేదా, అది మూసెయ్, అంగడీ ఎత్తెయ్. ఎప్పట్లాగే పెద్ద అంగళ్లకు నేసిచ్చుకుందాం" అన్నాడు. పెద్ద అంగళ్లకు నేసిస్తే చీర మీద మన పేరు ఉండదు. నాకు ఆ పేరు కావాలి.

అప్పుడు బెంగళూరు నుంచి ఒక తల్లి ఫోను చేసింది. కూతురికి ముహూర్తం చీర, దాంతోపాటు చుట్టాలకు పెట్టే చీరలన్నీ మా దగ్గరే తీసుకుంటామంది. ముహూర్తానికి మంచి ఎరుపు చీర ఒకటి వెబ్‌సైటులో చూసి పెట్టుకున్నారట. నేను అన్నానికి వచ్చి అక్కడే ఉన్నాను. అత్త చెవిలో ఫోను, నా చేతిలో ముద్ద.

"ఆ ఫోటోను నమ్మొద్దమ్మా" అంది అత్త. "అది ఎర్రది కాదు. పడుగు ఎరుపు, పేక పచ్చ. పాప నిలబడితే ఎర్రగుంటాది, నడిస్తే పచ్చ తేల్తాది. మీకు ఒట్టి ఎరుపే కావాలంటే అది వొద్దు."

అవతల ఆమె ఇంట్లో మాట్లాడి చెప్తానని పెట్టేసింది. నేను ముద్ద కంచంలో వేసేశాను.

"ఏందత్తా, చేతికొచ్చిన బేరాన్ని నువ్వే తోసేస్తాండావే. నమ్మొద్దని చెప్పనా నేను వెబ్‌సైటు పెట్టింది?"

"అరవద్దప్పా. చీర వాళ్లింటికి పోతాది. దాని ఎనకాలే మనం పోయి సర్దిచెప్పలేం గదా."

"నాయన అంగడి ఎత్తేమంటాండాడు, తెలుసు గదా?"

"తెలుసు. అన్నం తిను."

తరవాత కొన్నాళ్లు ఫోను మోగితే చాలు ఇద్దరం ఒకరినొకరు చూసుకునేవాళ్లం. ఎత్తితే బెంగళూరామె కాదని తెలిసేది. అత్త ఊరికే కూర్చోలేదు. ఆ చీరను మిద్దె మీదికి తెచ్చి నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి, మడత విప్పి ఒకసారి తీయించమంది. ఫోటో కింద ఇట్ల రాయించమని చెప్పింది: నిలబడితే ఎరుపు, నడిస్తే పచ్చ. స్నేహితుడు నవ్వాడు గానీ రాశాడు.

ఆ తల్లి మళ్లీ చేసింది. "ఒట్టి ఎరుపు మీరే ఏరి పంపండి, ఫోటో అక్కర్లేదు" అంది. ఒక్కటే చీర. చుట్టాల చీరలు అప్పటికే బెంగళూరులోనే కొనేశారట. నాయన "ఒక్కటేనా?" అన్నాడు. కానీ ఆ పెళ్లికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఫోను చేయడం మొదలుపెట్టారు. "వొద్దని చెప్పే అత్త ఉండాదంట, ఆమెకు ఫోను ఇస్తారా?" అని. పెళ్లిళ్ల కాలం అయిపోయింది. అంగడి ఎత్తెయ్యడం గురించి నాయన మళ్లీ మాట్లాడలేదు.

సెల్లు కొన్నాక వెబ్‌సైటు కింద నా నంబరు వేయించాను. వారం తిరక్కముందే తీసేయాల్సి వచ్చింది. నేను హలో అంటే చాలు, అవతల "అత్త లేదా?" అనేవాళ్లు. అత్తకు ఇది చెప్తే కండె ఆపకుండా, "నీకు మాట్లాడేది రాదప్పా, అమ్మేది ఒకటే వచ్చు" అంది. అప్పుడు ఉడుక్కున్నాను. ఇప్పుడు ఫోటో కింద చీర గురించి రెండు ముక్కలు రాయాలంటే ఆ మాటే ముందు వస్తుంది, రాసింది కొట్టేసి మళ్లీ రాస్తాను.

అత్త పోయిందని వెబ్‌సైటులో ఒక వాక్యం పెట్టాను. దినం రోజు బెంగళూరు తల్లి రైలు దిగి దారి అడుగుతూ మా ఇంటికి వచ్చింది. అంతకుముందు ఎవరం ఎవరినీ చూడలేదు. దండ వేసిన ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. "ఈమేనా? నేను పొడుగ్గా ఉంటుందనుకున్నాను" అంది. ఎంత చూసినా తెలిసిన మనిషిలా అనిపించడం లేదని ఆమె ముఖంలోనే కనపడింది.

సాయంత్రం పోతానని గడప దగ్గర చెప్పులు వేసుకుంటోంది. లోపలి గదిలోంచి నాయన పిలిచాడు. "అప్పుడే యాడికి పోతావుమ్మా, రైలుకింకా శానా పొద్దుండాది. ఇంత తిని పో." అక్కాతమ్ముళ్లది ఒకటే యాస, ఒకటే సాగదీత. మాకు అలవాటైపోయి ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆమె ఒక కాలు చెప్పులో, ఒక కాలు గడప మీద పెట్టి ఆగిపోయింది. తలుపు చెక్కను పట్టుకుని కళ్లు మూసుకుంది. నాయనకు ఏమీ తెలియదు. ఏ బండి ఎప్పుడొస్తాదో, ఏది ఆలస్యమో, దేంట్లో సీటు దొరుకుతాదో, లోపలినుంచి చెప్తూనే ఉన్నాడు.