సెకండ్ ఫారంలో నేను కొట్టించిన దెబ్బలు

1943 జూన్ రెండో వారంలో నేను పల్నాడు తాలూకాలోని ఒక బోర్డు మిడిల్ స్కూల్లో సెకండరీ గ్రేడ్ అసిస్టెంటుగా చేరాను. ఆ ఊరు మాచర్లకు తొమ్మిది మైళ్ళు. పేరు రాయడం లేదు. తప్పు నాది, ఊరిది కాదు. ట్రైనింగు పూర్తయ్యాక రెండేళ్ళపాటు సెలవు ఖాళీల్లో పనిచేసిన నాకు అది మొదటి స్థిరమైన ఉద్యోగం. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు.

మిడిల్ స్కూలంటే ఫస్టు, సెకండు, థర్డు ఫారాలు. ఈనాటి లెక్కలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. నాపరాళ్ళు పరిచిన మూడు గదులు, ఒక వరండా, హెడ్మాస్టరు గారు, నలుగురు అసిస్టెంట్లం, ఒక ప్యూను. నన్ను సెకండ్ ఫారానికి క్లాసు టీచరుగా వేశారు. హాజరు పట్టీ, మార్కుల పుస్తకం, ప్రవర్తన గురించి రాసే కాలమ్, అన్నీ క్లాసు టీచరు బాధ్యత. అన్ని ఫారాలకూ లెక్కలు కూడా నావే.

ఇక్కడ ఒక నిబంధన చెప్పాలి. బెత్తం వాడే అధికారం హెడ్మాస్టరు ఒక్కరికే ఉండేది. ఎవరిని, ఎందుకు, ఎన్ని దెబ్బలు కొట్టిందీ శిక్షల పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. అసిస్టెంట్లు పిల్లల మీద చెయ్యి వెయ్యకూడదు. దీన్ని తప్పించుకోవడానికి మా పాఠశాలల్లో ఒక పద్ధతి ఉండేది. ప్రశ్నకు జవాబు చెప్పలేని వాణ్ణి నిలబెట్టి, చెప్పిన వాడి చేత ముక్కు పట్టుకుని చెంప మీద కొట్టించేవాళ్ళం. పిల్లవాడు పిల్లవాణ్ణి కొడితే ఏ పుస్తకంలోనూ రాయనక్కర్లేదు. నేను నరసరావుపేటలో చదువుకున్నప్పుడు అలా తిన్నవాణ్ణే, కొట్టినవాణ్ణే. అందులో తప్పుందని నాకు తోచలేదు. పైగా నోటి లెక్కల పీరియడులో క్లాసు చురుగ్గా ఉంటుందని ఒకటికి రెండుసార్లు కొట్టించేవాణ్ణి.

ఆ క్లాసులో ఇద్దరు పిల్లలు వాగు అవతల పల్లె నుంచి రెండు మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. ఒకడు కోటయ్య, రైతు బిడ్డ, పొడగరి, ఆటల్లో ముందుండేవాడు. ఇంకొకడు మస్తాన్. వాళ్ళ నాన్న నాగూరు సాయిబు పల్లెల వెంట తిరుగుతూ పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. మస్తాన్ సన్నగా ఉండేవాడు, నోటి లెక్కల్లో వాడికి సాటి లేదు. ఇద్దరూ ఒకే బెంచీ. ఒకడి సద్ది గిన్నెలో ఇంకొకడు చెయ్యి పెట్టేవాడు. వాగు పొంగిన రోజుల్లో కోటయ్య మస్తాన్ పుస్తకాలు కూడా నెత్తిన పెట్టుకుని దాటించేవాడని మిగతా పిల్లలు చెప్పేవాళ్ళు.

ఆగస్టులో ఒకనాడు కోటయ్యకు లెక్క రాలేదు. తరువాత లేచిన మస్తాన్ చెప్పాడు. పద్ధతి ప్రకారం ముక్కు పట్టుకుని కొట్టమన్నాను. వాడు ముక్కు మీద రెండు వేళ్ళు ఆనించి, చెంప తాకీ తాకనట్టు తట్టాడు. క్లాసంతా నవ్వింది. నా మాట చెల్లలేదనిపించింది.

“ఏరా, చెంప కొడుతున్నావా, మీ నాయనలాగా దూది ఏకుతున్నావా?” అన్నాను.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుంది. అది ఒప్పుకోకపోతే ఇది రాయడం అనవసరం. “ఎలా కొట్టాలో చూడు” అని మస్తాన్ ముక్కు పట్టుకుని నేనే ఒకటి కొట్టాను, నిబంధన ఉండి కూడా. “ఊఁ, ఇప్పుడు కొట్టు” అన్నాను. వాడు కొట్టాడు. కోటయ్య చెంప మీద నాలుగు వేళ్ళూ తేలాయి. కళ్ళలో నీళ్ళు తిరిగినా వాడు ఏడవలేదు, కూర్చోమంటే కూర్చున్నాడు. నేను తరువాతి లెక్క చెప్పాను.

సాయంత్రం బడి వదిలాక వరండాలో వాళ్ళ మాటలు వినిపించాయి.

“నాతో రామాక. నీకూ నాకూ జట్టు పచ్చి” అంటున్నాడు కోటయ్య.

“నేనేం జేసేదిరా? మేష్టారు కొట్టమన్నాడు గందా.”

“మేష్టారు కొట్టమంటే అంత లావున కొడతావా? పోరా, దూదిగా!”

పచ్చి అంటే పిల్లల భాషలో మాటలు మానెయ్యడం. చిటికెన వేలు చూపించి పచ్చి చెప్పుకుంటారు, మర్నాడో మూడోనాడో మళ్ళీ కలుస్తారు. నేనూ అలాగే అనుకుని గొడుగు తీసుకుని ఇంటికి పోయాను. కానీ ఈ పచ్చిలో నేనిచ్చిన పేరు ఒకటి ఉంది. మర్నాటికి క్లాసులో మస్తాన్ అనే పేరు పోయి దూదిగాడు మిగిలాడు. వాడు లేచి నిలబడితే వెనక బెంచీ నుంచి ఎవడో దూది ఏకే విల్లు మీటిన చప్పుడు చేసేవాడు, “టొంయ్, టొంయ్” అని. కోటయ్యది ఆటల్లో పెత్తనం కాబట్టి వాడితో పచ్చి అయినవాడితో మిగతావాళ్ళూ పచ్చే. మస్తాన్‌ని చెడుగుడులోకి రానివ్వలేదు. కుండలో నీళ్ళు వాడు తాగాక లోటా కడిగి తాగడం మొదలుపెట్టారు. అంతకు ముందు ఆ లోటా ఎవరూ కడగలేదు.

ఇవన్నీ నేను చూశాను. చూడలేదని చెప్పలేను. రెండుసార్లు ‘నిశ్శబ్దం’ అని బల్ల మీద కొట్టాను. క్లాసు టీచరుగా నేను చెయ్యగలిగింది చాలా ఉంది. బెంచీలు మార్చవచ్చు, కోటయ్యను పిలిచి మాట్లాడవచ్చు. అన్నిటికన్నా ముందు ఆ పేరు నేను పెట్టానని క్లాసులో ఒప్పుకోవచ్చు. నవంబరులో జిల్లా విద్యాధికారి తనిఖీ ఉంది. నోట్సాఫ్ లెసన్స్, అంటే ఏ రోజు ఏ పాఠం ఎలా చెప్పిందీ రాసే పుస్తకం, జూలై నుంచీ బాకీ పడి ఉంది. అది రాసుకుంటూ కూర్చున్నాను.

సెప్టెంబరు నుంచి మస్తాన్ జవాబులు చెప్పడం మానేశాడు. లేపితే లేచి తల వంచుకుని నిలబడేవాడు. మొదట ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తరువాత మొండితనం అనుకున్నాను. ప్రవర్తన కాలమ్‌లో ‘తృప్తికరంగా లేదు’ అని రాశాను. రాతపరీక్షలో మాత్రం వాడికి ఎప్పటిలాగే మంచి మార్కులే వచ్చాయి. కాయితం మీద వచ్చిన లెక్క నోటికి ఎందుకు రాలేదో ఒక్క నిమిషం ఆలోచించాల్సింది.

అక్టోబరులో దసరా సెలవుల తరువాత మొదటి వారం. “మూడున్నర మణుగుల దూది ఉంది. పరుపుకు ఏడు వీశెలు పడితే ఎన్ని పరుపులవుతాయి?” అని అడిగాను. ఆనాటి తూకంలో మణుగుకు ఎనిమిది వీశెలు. మొత్తం ఇరవై ఎనిమిది, ఏడు చొప్పున నాలుగు పరుపులు. దూది లెక్క కదా అని కావాలనే ముందు మస్తాన్‌ని లేపాను. వాడింట్లో పసిపిల్లకి కూడా తెలిసే లెక్క అది. వాడు కోటయ్య వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. పచ్చి అయ్యాక పక్క వరసకు మారిపోయిన కోటయ్యను లేపాను. సెలవుల్లో వాడి బావ దగ్గర లెక్కలు చెప్పించుకున్నాడట. వేళ్ళు మడిచి, “నాలుగండీ” అన్నాడు.

“కొట్టు” అన్నాను.

ఎవరో వెనక నుంచి, “తియ్యరా కోటయ్యా, బాకీ తియ్యి!” అన్నారు. ఎవరన్నారో నేను అడగలేదు. కోటయ్య ముక్కు పట్టుకుని బలం కొద్దీ కొట్టాడు. మస్తాన్ తూలిపడితే తల పక్క బెంచీ అంచుకు తగిలింది. ముక్కులోంచి రక్తం చొక్కా మీద పడింది. క్లాసు ఒక్క క్షణం కేరింతలు కొట్టి ఆగిపోయింది. ప్యూనును పిలిచి నీళ్ళు తెప్పించి, మస్తాన్‌ని వరండాలో కూర్చోబెట్టాను. బెల్లు కొట్టాక చూస్తే లేడు. పుస్తకాలు బెంచీ మీదే ఉన్నాయి.

ఆ తరువాత బడికి రాలేదు. సెలవు చీటీ లేకుండా వరసగా పదిహేను పనిదినాలు రాకపోతే పట్టీలో పేరు కొట్టెయ్యాలని మా స్కూలు నిబంధన. రోజూ వాడి పేరుకెదురుగా సున్న చుడుతూ వచ్చాను. పన్నెండో రోజున కోటయ్యను వరండాలోకి పిలిచి, మస్తాన్ ఎందుకు రావడం లేదని అడిగాను.

వాడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “ఆడికి లెక్క వొచ్చండీ” అన్నాడు.

“ఏ లెక్క?”

“అన్నీ వొచ్చండీ. ఆ పరుపుల లెక్కా వొచ్చు. చెప్తే మళ్ళీ నన్నెప్పుడన్నా కొట్టాల్సొస్తదని ఏదీ చెప్పడండీ. మస్తానుగాడి అక్క మా అమ్మతో చెప్పింది. నిన్న తెలిసిందండీ.”

“మరి నువ్వెందుకు అంత గట్టిగా కొట్టావురా?” అన్నాను. గొంతు పెంచే అన్నాననుకుంటాను.

“మెల్లగా కొడితే మీరు నన్ను కొడతారు గందండీ.” మళ్ళీ తనే, “నాక్కూడా కొట్టాలనే ఉండిందండీ ఆ రోజు. అందరూ చూస్తన్నారు” అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఆగస్టులో ఏడవనివాడు ఇప్పుడు ఏడ్చాడు. నేను చెయ్యి పట్టుకోలేదు. క్లాసుకు పొమ్మన్నాను.

పద్నాలుగో పనిదినం తరువాత ఆదివారం రావడంతో నడిచి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. నాగూరు సాయిబు ఇంటి ముందర దూది ఏకుతున్నాడు. మస్తాన్ పక్కన కూర్చుని గింజలు ఏరుతున్నాడు. నన్ను చూసి లేచి లోపలికి పోయాడు. సాయిబు మర్యాదగా మంచం వాల్చాడు.

“బిడ్డను బడికి పంపించండి, నేను చూసుకుంటాను” అన్నాను.

“మీరు చూస్తానే ఉన్నారంట గదా పంతులుగారూ” అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. “ఆడు చదువుకుంటే సాలనుకున్నా. చానా తెలివిగలోడని ఇంతకుముందు పంతులు కూడా చెప్పాడు. ఇప్పుడు పోనంటన్నాడు. ఏం జెయ్యను? దెబ్బలకి గాదయ్యా. నేను కొట్టనా ఏంది ఇంట్లో? ఆ కోటయ్యగాడు కొట్టాడని. ఇద్దరూ ఒక మంచంలో పడుకుని పెరిగారు.”

లోపలికి వినపడేలా, “మస్తాన్, రేపు రారా, ఎవరూ ఏమీ అనరు” అన్నాను. తప్పు నాదని చెప్పడానికే ఆ రెండు మైళ్ళూ నడిచాను. చెప్పకుండానే లేచి వచ్చాను. ఒక పిల్లవాడికి, దూది ఏకే మనిషికి క్షమాపణ చెప్పే ఉపాధ్యాయుణ్ణి నేను అప్పటికి చూసి ఉండలేదు. అది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను. పదిహేనో పనిదినం గడిచాక ఎర్ర సిరాతో పేరు కొట్టేశాను.

నవంబరులో విద్యాధికారి వచ్చారు. సెకండ్ ఫారంలో నోటి లెక్కలు అడిగారు. పిల్లలు టకటకా చెప్పారు. తనిఖీ నోటులో క్లాసు క్రమశిక్షణ మెచ్చుకోదగినదని రాశారు. అప్పటివరకు నేను ముక్కు చెంపల పద్ధతి మానలేదు. మానితే క్లాసు జారిపోతుందని భయపడ్డాను. తనిఖీ అయ్యాక, జనవరిలో మానేశాను. క్లాసు జారిపోలేదు.

కోటయ్య థర్డ్ ఫారం పాసై వెళ్ళేటప్పుడు టి.సి. కోసం వచ్చాడు. మస్తాన్ మాట్లాడుతున్నాడా అని అడిగాను. “ఎదురుపడితే నవ్వుతాడండీ. మాట్టాడడు” అన్నాడు. ఆ తరువాత నన్ను గురజాల బదిలీ చేశారు. వాళ్ళిద్దరి సంగతి నాకు తెలియదు.

తరువాత పదమూడేళ్ళు రెండు చోట్ల హెడ్మాస్టరుగా పనిచేశాను. పిల్లలు ఒకరినొకరు నొప్పించుకోవడం చాలాసార్లు చూశాను. వాళ్ళంతట వాళ్ళు తెచ్చుకున్న తగవులు చాలావరకు వాళ్ళే తీర్చుకున్నారు. ఉపాధ్యాయుడు ఒక పేరు అందించిన చోట, ఒక చెయ్యి ఎత్తించిన చోట పిల్లలకు తీర్చుకోవడం చేతకాలేదు, ఎందుకంటే అది వాళ్ళు మొదలుపెట్టింది కాదు. కొత్తగా చేరిన ప్రతి అసిస్టెంటుకూ పిల్లల చేత పిల్లల్ని కొట్టించవద్దని మొదటి రోజే చెప్పేవాణ్ణి. ఎందుకని అడిగితే నిబంధన అనేవాణ్ణి. అలాంటి నిబంధన అప్పటికి లేదు. మస్తాన్ సంగతి చెప్పాల్సింది, ఏ ఒక్కరికీ చెప్పలేదు.