రాజాజ్ఞ చెల్లదన్న సుభద్రక్క

సుభద్ర గారు ఇక లేరన్న వార్త ఆదివారం పొద్దున, షార్జా అల్ నహ్దాలో మా ఇంటి కింద కూరగాయలు కొంటుండగా తెలిసింది. ఫోన్ చేసింది ఆవిడ భర్త కృష్ణమూర్తి గారు. "అమ్మాయ్, మీ అక్క పోయిందమ్మా. కాఫీ తాగుతూ తాగుతూ పక్కకి ఒరిగిపోయింది," అన్నారు. సంచీ అక్కడే వదిలేసి పరుగెత్తాను. మొన్నటిదాకా స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీలో గలగలా నవ్విన మనిషి, పిలిచినా పలకకుండా పడుకుని ఉంది. ఆ నిశ్చల వదనం చూస్తే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు.

ఈ వ్యాసం రాయమన్నది మన తెలుగు సంఘం కార్యదర్శి గారే. సంస్మరణ సంచిక వేస్తున్నారట. "నాలుగు మంచి మాటలు రాయండి మేడమ్. ఆ నాటకం గొడవ మాత్రం ఎత్తకండి," అన్నారు. ఎత్తకపోతే నేను రాసేది ఎవరి గురించి అవుతుంది? అందుకే ఎత్తుతున్నాను.

కాకినాడలో పుట్టి, షార్జాలోని మా బడిలో రెండు దశాబ్దాలు రాజనీతి శాస్త్రం బోధించిన విదుషీమణి ఆవిడ. పాండిత్యము, వినయము, ధిక్కారము ఒక్క వ్యక్తిలో ఇంత సహజంగా కలిసి ఉండటం నేను మరెక్కడా చూడలేదు. పిల్లలకు మొదటి రోజే ఒక ప్రశ్న నేర్పేవారు: "ఏ అధికారంతో? ఈ మాట అడగండి. మర్యాదగా అడగండి, కానీ అడగండి." ఒకసారి ప్రిన్సిపాల్ గారు టీచర్లు నిలబడే పాఠం చెప్పాలని తరగతి గదుల్లోంచి కుర్చీలు తీయించారు. మేమంతా లోపల లోపల తిట్టుకుంటూ మోకాళ్లు నొక్కుకుంటున్నాం. ఈవిడ తిన్నగా ఆయన గదికి వెళ్లి, "సార్, ఈ ఆజ్ఞ ఏ నిబంధన కింద ఇచ్చారో చూపిస్తే నేనూ రాసుకుంటాను," అన్నారట. ఆయన వెతికారు, దొరకలేదు. మధ్యాహ్నానికల్లా కుర్చీలు తిరిగొచ్చాయి.

ఇంట్లో భర్తను 'మహారాజా' అని పిలిచేవారు. "మా ఇంట్లో రాజుగారున్నారు, కోర్టూ ఉంది. కోర్టు పేరు మా అత్తగారు. ఆయన ఆజ్ఞలు సగం అక్కడే కొట్టేస్తారు," అని పకపకా నవ్వేవారు. ఆ పెద్దావిడ కూడా వంటింట్లోంచి, "వాడి మొహం, వాడికి ఆజ్ఞలెందుకే!" అని తీర్పు చెప్పేసేది.

కరోనా ఏడాది మన సంఘం తరఫున జెబెల్ అలీలోని ఒక లేబర్ క్యాంపుకు అన్నం పొట్లాలు తీసుకెళ్లాం. అక్కడ జగిత్యాల వైపు మనిషి, మల్లేశం అని, ఆవిడ ముందు నిలబడ్డాడు. "మేడమ్, నా పాస్‌పోర్టు మా ముదీర్, అదే మా మేనేజర్ దగ్గరున్నది. అడిగితే యల్లా యల్లా అని తరుముతున్నడు. ఆయన మాట మీద ఇంకో మాట ఉంటదా?" అన్నాడు. "ఉంటుంది నాయనా. పాస్‌పోర్టు నీది. ఎవడూ దాచుకోవడానికి లేదని ఈ దేశపు నియమమే చెబుతోంది," అన్నారావిడ. చెప్పి ఊరుకోలేదు. కార్మిక శాఖకు ఫిర్యాదు పెట్టించారు, పిలిచినప్పుడు పక్కనే వెళ్లారు. పాస్‌పోర్టు చేతికొచ్చాక మల్లేశం ఫోన్ చేసి, "ఖలాస్ అనుకున్న మేడమ్, నా బతుకు ఇంతే అనుకున్న," అని ఏడ్చాడు. మేనేజర్ల పైన చట్టం ఉన్న దేశంలోనే మనం బతుకుతున్నామని నాకు ఆ రోజే అర్థమైంది.

ఇక నాటకం. కొన్నేళ్ల కిందట బ్రిటన్‌లో పార్లమెంటును వాయిదా వేస్తూ రాణి పేర వెలువడిన ఆజ్ఞ చెల్లదని అక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. ఆ వార్త చదివి స్టాఫ్‌రూమ్‌లో చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారావిడ. దాన్నే మనసులో పెట్టుకుని ఉగాది వేడుక కోసం ఒక చిన్న నాటకం రాశారు. ఊహా రాజ్యం, ఊహా రాజ్యాంగం. ప్రజాసభ తనను ప్రశ్నించిందని రాజు సభ మూసేయమంటాడు, ధర్మాసనం కుదరదంటుంది, రాజు తలవంచుతాడు. అంతే కథ. పిల్లలు ఆవిడ ఇంటి హాల్లో రెండు నెలలు సాధన చేశారు.

వేడుక రోజు, పిల్లలు నల్ల కోట్లు తొడుక్కుని తెర వెనక నిలబడ్డాక వచ్చారు కార్యదర్శి గారు.

"రాజు మీద కోర్టేంటి మేడమ్? మనం ఎక్కడున్నామో మర్చిపోయారా? చివర్లో జడ్జీలు తీర్పు చింపేసి రాజుగారికి దండం పెడతారు. అలా మార్చేయండి."

"ఎవరైనా వద్దన్నారా?"

"ఎవరూ అనలేదు. అంటే?"

"ఇక్కడి అధికారుల అనుమతికి పంపించారా? వాళ్లు కాదంటే నేను మారు మాట్లాడను."

"పంపలేదు. ఎందుకొచ్చిన తంటా!"

అప్పుడావిడ ఫోన్‌లో ఈ దేశ రాజ్యాంగమే తీసి చూపించారు. పాలనకు న్యాయమే పునాది అని, న్యాయమూర్తుల మీద చట్టానికీ వాళ్ల మనస్సాక్షికీ తప్ప ఇంకెవరికీ పెత్తనం లేదని అందులో ఉంది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివి, "అవన్నీ పుస్తకాల్లో ఉంటాయి మేడమ్, మనకెందుకు?" అన్నారు. ఈ దేశం తానే రాసుకున్న మాటను పైకి చదవడానికి మన పెద్దమనుషులకు దడ! ఎవరూ కళ్లెర్రజేయకముందే వీళ్ల కాళ్లు వణికాయి. సిగ్గేసింది నాకు.

ఆవిడ తీర్పు మార్చలేదు. పిల్లల చేతులు పట్టుకుని బయటికి నడిచారు. వారం తిరక్కుండా, సంఘం పిల్లలకు ఉచితంగా చెబుతున్న తెలుగు తరగతి నుంచి ఆవిడను తప్పించారు. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. "ఎందుకక్కా ఊకున్నవ్? నాలుగు తిట్టి రావాల్సింది," అన్నాను. "అప్పీలుకి వెళ్దామంటే మన సంఘంలో కోర్టే లేదే!" అని నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. "జడ్జి వేషం కట్టిన ఆ పిల్ల గట్టిగా ఆ తీర్పు చదువుతుంటే ఒక్కసారి వినాలని ఉందే," అన్నారు. ఆ ఒక్క కోరికా తీరకుండానే పోయారు.

మొన్నటి సంతాప సభలో నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద గులాబీల దండ, మైకు ముందు అదే కార్యదర్శి గారు. "మౌనంగా సేవ చేసిన మహనీయురాలు," అన్నారు. మౌనంగానా? నోరు నొక్కింది మీరు కాదూ? ఆవిడ లేని లోటు తీరనిదని ఒకరి తర్వాత ఒకరు గద్గద స్వరాలతో పలికారు. ఆ లోటు ఆవిడ బతికుండగానే చేసింది మనమే. ఇప్పుడు ఎన్ని దండలు వేసినా అలాంటి గురువు మన పిల్లలకు మళ్లీ దొరకదు.

అక్కా, నీకు పూలు తేలేదు. నీ పిల్లలు వేదిక మీద పలకలేకపోయిన తీర్పు తెచ్చాను:

"మహారాజా, మీరంటే మాకు గౌరవం. కానీ మీ సింహాసనమూ మా పీఠమూ రెండూ ఒకే రాజ్యాంగం ఇచ్చినవి. సభను మూసే అధికారం అది మీకు ఇవ్వలేదు. ఈ ఆజ్ఞ చెల్లదు."

కార్యదర్శి గారూ, ఇందులో ఒక్క అక్షరం కోసినా వ్యాసం మొత్తం తీసేయండి. సగం చేసిన సుభద్రకు నేను నివాళి అర్పించను.